మూడో దీపం రంగు

నేను ఒక స్విచ్‌ని. ఫ్యాను వేసేది కాదు, బల్బు ఆర్పేదీ కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను చూసిన ప్రతివాడూ ఎక్కడ నొక్కాలా అని వెతికాడు. నాలో నొక్కడానికి ఏమీ లేదు. అరచేతిలో పట్టే నల్లటి ఇనుప డబ్బాను. ముందువైపు కేబుళ్ళు గుచ్చే పోర్టులు ఐదు, ఒక్కో పోర్టు పైన ఒక చిన్న దీపం. ఇంట్లో ఉన్న కంప్యూటర్లను తీగలతో కలిపి, ఒకదాని సరుకు ఇంకొకదానికి వేగంగా అందించడం నా పని. వైఫై వచ్చాక కూడా తీగలెందుకని అడిగేవాళ్ళకు ఓపిగ్గా జవాబు చెప్పే రోజులు పోయాయి. నాకు కోపంగా ఉంది. ఏడాది నుంచీ కోపంగానే ఉంది. ఎందుకో వినండి.

నేను పుట్టింది ఒక పెద్ద ఫ్యాక్టరీలో. నాలాంటివి గంటకు కొన్ని వందలు పుడుతుంటే ఎవరి పుట్టుకకు ఎవరు సంబరపడతారు? ఒకామె నా ఐదు పోర్టుల్లోనూ కేబుళ్ళు గుచ్చి, ఐదు దీపాలూ పచ్చగా వెలిగాయో లేదో చూసి, పక్కకు తోసేసింది. అంతా కలిపి అరనిమిషం. అయినా నా దీపాల వంక సరిగ్గా చూసిన మొదటి మనిషి ఆమే. రెండో మనిషి కోసం నేను చాలాకాలం కాచుకోవలసి వచ్చింది. తీరా దొరికాక ఆయన చేసిన పని తలుచుకుంటే, దొరక్కపోయినా బాగుండేదనిపిస్తుంది.

దీపాల సంగతి కొంచెం చెప్పాలి. నాకున్న భాష అదొక్కటే. కేబుల్ లోపల ఎనిమిది సన్నటి తీగలుంటాయి. ఎనిమిదీ బాగుంటే నేను పూర్తి వేగంతో పనిచేస్తాను, దీపం పచ్చగా వెలుగుతుంది. వాటిలో ఒక్కటి తేడా చేసినా నాలుగు తీగలతోనే నెట్టుకురావాలి. వేగం పదోవంతుకు పడిపోతుంది, దీపం నారింజ రంగుకు మారుతుంది. పని మాత్రం ఆగదు. ఆ ఆగకపోవడమే కొంప ముంచింది. మనుషులు ఆగిపోయినదాన్ని చూస్తారు గాని కుంటుతూ నడిచేదాన్ని చూడరు. నాతోపాటు అట్టపెట్టెలో ఇచ్చిన కాగితం మీద ఇదంతా పన్నెండు భాషల్లో రాసి ఉంది. అందులో తెలుగు లేదు. ఉన్నా చదివేవాళ్ళు కాదనుకోండి.

విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో ఒక దుకాణానికి చేరాను. మొదట నన్ను కొన్న పెద్దమనిషి రెండు రోజుల్లో వెనక్కి తెచ్చి, "ఇందులో వైఫై రావట్లేదు" అని గల్లా మీద పడేశాడు. నాలో వైఫై ఉందని ఎవరు చెప్పారు? చేపల బజారుకెళ్ళి వంకాయలు లేవని తగువాడినట్టుంది. దుకాణదారుడు నన్ను తీసుకుని, తుడిచి, కొత్త సీలు అంటించి మళ్ళీ కొత్తదాన్ని చేశాడు. మనుషుల్లో కూడా ఇలా సీలు మార్చుకుని తిరిగేవాళ్ళు చాలామంది ఉంటారని తరువాత తెలుసుకున్నాను.

ఆ శ్రావణమాసంలో నన్ను కొన్నది నూకరత్నం. ఇల్లు గాజువాకలో. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఆమె చేసే పని గురించి వింటే నాకే గౌరవం కలిగింది. సముద్రంలో జెట్టీలు ఉంటాయి కదా, పడవలు వచ్చి ఆగే కట్టడాలు. వాటి స్తంభాలు నీళ్ళ కింద ఎలా ఉన్నాయో చూడడానికి ఈతగాళ్ళు కెమెరాలతో దిగుతారు. వాళ్ళు తీసిన వీడియోలను ఇంట్లో కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూసి, ఎక్కడ బీట ఉందో, ఎక్కడ ఇనుము బయటపడిందో గుర్తుపెట్టడం ఆమె పని. ఒక్కో వీడియో ఏనుగంత ఉంటుంది. అవన్నీ ఒక స్టోరేజ్ బాక్సులో దాచుకుంటుంది. ఆ బాక్సుకూ ఆమె కంప్యూటరుకూ మధ్య నేను. హాల్లోని ఇంటర్నెట్ డబ్బానుంచి వచ్చే కేబుల్ నా మొదటి పోర్టులో, కంప్యూటర్ రెండోదాంట్లో, స్టోరేజ్ బాక్సు మూడోదాంట్లో. మూడు దీపాలూ పచ్చగా వెలిగాయి.

"ఏటే తల్లీ, ఇది ఏటి సేత్తాది?" అని అడిగాడు వాళ్ళ నాన్న గవరయ్య.

"ఆ బాక్సులో ఉన్న వీడియోని ఎక్కడా ఆగకుండా నా కళ్ళముందుకు తెస్తాది నాన్నా."

"మరైతే సూసేది నువ్వే కదా."

"చూసేది నేనే."

"అలగైతే పర్లేదు. నీయి నా కళ్ళు."

గవరయ్య ఆటోనగర్‌లో ముప్ఫై నాలుగేళ్ళు ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసి మానుకున్న మనిషి. ఇనుప కడ్డీని వెలుతురులో పెట్టి చూసి, ఇంకా వెంట్రుకవాసి తీయాలని చెప్పగలిగేవాడట. ఆ చూపు కూతురికి వచ్చిందని ఊరంతా చెప్పుకునేవాడు. ఇంటికి వచ్చిన చుట్టాలకు కాఫీ కన్నా ముందు ఆ కబురే అందేది. నూకరత్నం కూడా ఆ మాట విన్నప్పుడల్లా తల వంచుకునేది గాని, ఆమెకు ఇష్టమేనని నాకు తెలుస్తూనే ఉండేది. కంపెనీ ఆమెను ఇంకా పర్మనెంటు చేయలేదు. ఏడాది పనితీరు చూసి చేస్తామన్నారు.

దసరా వచ్చింది. మహర్నవమి నాడు ఆ ఇంట్లో ఆయుధ పూజ. పూజ మీద నాకు కోపం లేదు, ముందే చెబుతున్నాను. ఏడాదికొకసారి పనిముట్టుకు సెలవిచ్చి దండం పెట్టే ఆచారం ఎక్కడుంటుంది చెప్పండి? చాప మీద వరసగా గవరయ్య కొలత పనిముట్లు, సుత్తి, భార్య సన్యాసమ్మ కుట్టుమిషను, కత్తిపీట, స్కూటరు తాళం, నూకరత్నం కీబోర్డు, చివర నేను. నా కేబుళ్ళన్నీ పీకేసి, తుడిచి, పక్కన చుట్టగా పెట్టారు. జీవితంలో మొదటిసారి నాకు సెలవు దొరికింది. కొంచెం పొంగిపోయాను కూడా. గవరయ్య చందనం గిన్నెలో వేలు ముంచి ఒక్కోదానికీ బొట్టు పెడుతూ వచ్చాడు. లేతు మిషనుకు పెట్టిన అలవాటు, ఎక్కడ పని జరుగుతుందో అక్కడే పెట్టాలంటాడు. నా నెత్తిమీద పెట్టి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"దీని పనంతా ఈ నోళ్ళకాడే కదా," అని ఐదు పోర్టుల అంచులకూ తడి చందనం అద్ది, దానిమీద కుంకుమ పెట్టాడు. అంతటితో ఆగకుండా, మూడు కేబుళ్ళ కొసలకూ తలొక బొట్టు. కేబుల్ కొసలో తీగకొకటి చొప్పున ఎనిమిది రాగి ముళ్ళుంటాయి; మూడో కేబుల్‌లో వాటిలో ఒకదాని మీద చందనం పేరుకుని, మర్నాటికి గట్టిపడింది.

దశమి నాడు నూకరత్నం మళ్ళీ కేబుళ్ళు గుచ్చింది. మొదటి దీపం పచ్చ. రెండోది పచ్చ. మూడోది నారింజ. నేను చెప్పాను. నాకు తెలిసిన ఒకే ఒక్క మాటను, నాకున్న ఒకే ఒక్క నోటితో చెప్పాను. ఆమె వంగి చూసేదే, అంతలో సన్యాసమ్మ ముసుగు పట్టుకుని వచ్చేసింది.

ఆ ఇంట్లో ముసుగు లేని వస్తువు లేదు. ఫ్రిజ్‌కు ముసుగు, మిక్సీకి ముసుగు, టీవీ రిమోటుకు ప్లాస్టిక్ తొడుగు, ఆఖరికి దిండు గలీబులకు పైగలీబులు. నాకోసం పాత మఖమల్ జాకెట్టు ముక్కతో, చుట్టూ కుచ్చులు పెట్టి కుట్టింది.

"ఎట్టిన బొట్టు సెరిగిపోతే మంచిది కాదు. దుమ్ము కూడా పడదు," అని నా నెత్తిన తొడిగింది. కేబుళ్ళు దూరడానికి మాత్రం కింద చిన్న సందు వదిలింది. నా దీపాలు మఖమల్ కింద పడ్డాయి. బుర్రకు చీర చుట్టి మాట్లాడమంటే ఎవరైనా ఏం మాట్లాడతారు?

కార్తీకంలో ఒక చేపలరేవు జెట్టీ వీడియోలు వచ్చాయి. నేను పదోవంతు వేగంతో వాటిని మోశాను. చాలదు. చాలనప్పుడు వీడియో నడిపే ప్రోగ్రామ్ ఒక దొంగపని చేస్తుంది. వెనకబడకుండా ఉండడానికి మధ్యలో కొన్ని బొమ్మలను చడీచప్పుడు లేకుండా మింగేసి ముందుకు వెళ్ళిపోతుంది. చూసేవాళ్ళకు కాస్త అదిరినట్టుంటుంది, అంతే. నీళ్ళ కింద తీసిన వీడియో ఎలాగూ అదురుతూనే ఉంటుంది. ఆ జెట్టీలో పద్నాలుగో స్తంభం మీద ఒక బీట ఉంది. ఈతగాడి కెమెరా దాని మీదుగా అర సెకనులో తిరిగిపోయింది. ఆ అర సెకనులోని బొమ్మలన్నీ దారిలో మాయమయ్యాయి. స్తంభం బాగుందని ఆమె రాసేసింది.

వారం తరువాత కంపెనీ నుంచి పై అధికారి జగదీశ్వర్ ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడింది కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"పద్నాలుగో స్తంభం మీ కళ్ళకు ఎలా కనిపించలేదు రత్నంగారూ? రెండోసారి చూసినవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. రోజూ వందమంది దిగే రేవు అది."

"మళ్ళీ చూస్తాను సార్."

"చూడండి. ఈలోగా జెట్టీలు వేరేవాళ్ళకు ఇస్తున్నాం. మీకు మంచినీళ్ళ ట్యాంకుల వీడియోలు పంపుతాం. పర్మనెంటు సంగతి తరువాత చూద్దాం."

ఆమె ఆ వీడియోను మళ్ళీ నడిపింది. కనిపించలేదు. మళ్ళీ నడిపింది. కనిపించలేదు. సరిగ్గా ఆ చోట ఆపి చూస్తే బీట కళ్ళెదుట ఉంది. ఆపితే ఉంది, నడిపితే లేదు. కాసేపు కుర్చీలో వెనక్కి వాలి, అరచేతులతో కళ్ళు మూసుకుంది.

"నడుస్తుంటే నా కళ్ళు పట్టుకోలేకపోతున్నాయి," అని తనలో తను అనుకుంది.

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఇక్కడ మద్దెలే ఓడు. ఆడే మనిషి మాత్రం తన కాళ్ళదే తప్పనుకుంటోంది. ఆమె ఒక్కసారి నన్ను తిట్టి ఉంటే, ఆ ముసుగు లాగి గోడకు కొట్టి ఉంటే, నేను ఎంత సంతోషించేవాడినో మీకు తెలియదు. కనీసం నా దీపం కనిపించేది.

ఎందుకైనా మంచిదని ఇంటర్నెట్ మనిషిని పిలిచింది. ఆయన హాల్లో డబ్బా ముందు కూర్చుని, ఫోన్‌లో వేగం కొలిచే ముల్లు తిరగడం చూసి, "మీకు స్పీడు బ్రహ్మాండంగా వస్తందండీ, మా లైనులో ఏ లోపమూ లేదు," అన్నాడు. నిజమే, ఆయన లైనులో లోపం లేదు. వీధిలో రోడ్డు బాగుందని చూసి, ఇంట్లో కాలు విరిగినవాణ్ణి నడవమన్నట్టుంది. గదిలోకి వచ్చి నా ముసుగు అంచు ఎత్తబోయాడు, ఒక చుక్క కుంకుమ కనబడింది. చేయి వెనక్కి తీసుకున్నాడు. "పూజ సేసినట్టున్నారు, మనం ముట్టకూడదు," అని వెళ్ళిపోయాడు. ఒక్క అంగుళం, ఇంకొక్క అంగుళం ఎత్తి ఉంటే సరిపోయేది.

మర్నాడే ఆమె కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళింది. వాళ్ళు చాలా చిన్న పవరు రాసి, ఇష్టమైతే పెట్టుకోండి, లేకపోయినా పర్వాలేదన్నారట. ఆమె సన్నటి నల్లఫ్రేము కొనుక్కుని వచ్చింది. అవి పెట్టుకుని గదిలోకి వస్తే గవరయ్య గుమ్మంలో నిలబడిపోయాడు.

"నాకు అద్దాలొచ్చింది యాబై రెండేళ్ళకి," అన్నాడు.

"నాకు తొందరగా వచ్చేయి నాన్నా. అంతే."

ఆరోజు తరువాత ఆ ఇంట్లో కళ్ళ మాట వినబడలేదు. చుట్టాలు వచ్చినా గవరయ్య ఆ కబురు ఎత్తేవాడు కాదు. నూకరత్నం ట్యాంకుల వీడియోలు చూసేది. ప్రతి వీడియోనూ మూడుసార్లు, నాలుగుసార్లు చూసేది. ఒకటే గోడను పది చోట్ల ఆపి ఆపి చూసేది. పూర్వం ఒక పూటలో అయ్యే పనికి ఇప్పుడు రెండు రోజులు పట్టేది. తన చూపును తనే నమ్మని మనిషి పక్కన ఆరునెలలు ఉండి చూడండి, నా కోపం మీకు అర్థమవుతుంది.

ఎండలు ముదిరాయి. మఖమల్ కింద నా ఒళ్ళు కాలిపోతోంది. ఒకరోజు మధ్యాహ్నం ఆమె అన్నానికి వెళ్ళినప్పుడు గవరయ్య గదిలో ఫ్యాను కట్టేయడానికి వచ్చాడు. లేతు మనిషి కదా, మిషను పక్కనుంచి వెళితే చెయ్యి దానంతటదే దానిమీద పడుతుంది. ముసుగు మీద చెయ్యి వేసి చటుక్కున తీసుకున్నాడు.

"ఇదేటి, జొరమొచ్చినట్టు కాలిపోతన్నాది," అని ముసుగు ఎత్తేశాడు.

అప్పుడు చూశాడు. వంగి, కళ్ళద్దాలు పైకి జరిపి, దగ్గరగా చూశాడు. రెండు పచ్చ, ఒకటి నారింజ. ఆయనకు ఆ భాష తెలియదు. కాని మూడు ఒకేలా ఉండవలసిన చోట ఒకటి వేరుగా ఉంటే అక్కడ లోపముందని ఏ మిషను మనిషికైనా తెలుస్తుంది. మూడో కేబుల్ పీకి, వెలుతురులో పట్టుకుని చూశాడు. ఆ రాగి ముల్లు మీద ఎండిన చందనం, దానిమీద ఎర్రగా తన వేలిముద్ర. గోటితో గీకి, దూది పుల్లకు స్పిరిట్ అద్ది తుడిచి, మళ్ళీ గుచ్చాడు. మూడో దీపం పచ్చగా వెలిగింది. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇక చెబుతాడు అనుకున్నాను.

నూకరత్నం వచ్చి కూర్చుంది. వీడియో నడిపింది. కాసేపటికి, "నాన్నా, అద్దాలు ఇప్పటికి అలవాటైనట్టున్నాయి. బొమ్మ ఎంత సాఫీగా ఉందో ఇవాళ," అంది.

గవరయ్య నోరు తెరిచాడు. దూది పుల్ల ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని వెనక్కి దాచుకున్నాడు.

"మంచిదే కదమ్మా," అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటతో బయటకు నడిచాడు. మర్నాడు కత్తెర తెచ్చి, సన్యాసమ్మను అడగకుండా, నా ముసుగు ముందువైపు ఒక కిటికీ కత్తిరించాడు. దీపాలు కనిపించడానికి. ఎందుకని భార్య అడిగితే గాలాడతాదని చెప్పాడు. నాకు కిటికీ పెట్టాడు గాని కూతురికి ఒక్క మాట చెప్పలేదు. నాకు నోరు లేదు. ఆయనకు ఉంది. సిగ్గుపడ్డాడని నాకు తెలుసు. కూతురి పని పోయింది తన వేలి వల్లనే అని చెప్పడం ఏ తండ్రికీ తేలిక కాదని కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా? నాలుగు నెలలు ఆ పిల్ల ప్రతి పొద్దున్నా అవసరం లేని అద్దాలు తుడుచుకుని పెట్టుకుంటుంటే ఆయన చూస్తూ ఊరుకున్నాడు.

మళ్ళీ దసరా వచ్చింది. మళ్ళీ చాప, మళ్ళీ వరస. కొలత పనిముట్లు, సుత్తి, కుట్టుమిషను, కత్తిపీట, కీబోర్డు, నేను. నూకరత్నం ముఖం మీదనుంచి అద్దాలు తీసి, తుడిచి, నా పక్కన పెట్టింది.

"ఇవి కూడా నా పనిముట్టే నాన్నా. బొట్టు పెట్టు."

గవరయ్య చందనం అద్దుకుంటూ వచ్చాడు. నా దగ్గర ఆగాడు. పోర్టుల జోలికి పోకుండా నెత్తిమీద ఒక్క చుక్క, మిరియపు గింజంత పెట్టాడు. తరువాత అద్దాల మీదికి వేలు తీసుకెళ్ళాడు. వేలు అక్కడే గాలిలో ఉండిపోయింది. సన్యాసమ్మ హారతి కర్పూరం వెలిగించబోతూ ఆగింది.

"ఏటైనాది?" అంది.

"వీటికి నాను బొట్టెట్టలేనమ్మా," అన్నాడు కూతురితో. "నీ కళ్ళకేటీ కాలేదు. నాను ఆ పొద్దు ఎట్టిన సందనం ఆ తీగ ముల్లు మీద ఎండిపోనాది. ఎండలప్పుడు సూసి తుడిసేను. నీకు సెప్పలేదు."

ఆమె అరవలేదు. ఏడవలేదు. "ఎండలప్పుడా?" అని మాత్రం అడిగింది. ఆయన తల ఊపాడు. ఆమె లేచి, హారతి ఇంకా ఇవ్వకముందే నన్ను చాప మీదనుంచి తీసుకుంది. "పూజ అవలేదే," అని తల్లి అంటున్నా వినిపించుకోకుండా గదిలోకి తెచ్చి, మూడు కేబుళ్ళూ గుచ్చింది. మూడు దీపాలూ పచ్చగా వెలిగాయి. అవి చూసే కూర్చుంది ఈసారి. కిందటి కార్తీకం నాటి జెట్టీ వీడియోను తెరిచి, అద్దాలు లేకుండా, ఎక్కడా ఆపకుండా నడిపింది.

నేను ఒక్క బొమ్మ కూడా మిగల్చకుండా అందించాను. నా జన్మలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ పనిచేయలేదు. పద్నాలుగో స్తంభం వచ్చింది. కెమెరా తిరిగింది.

"అదిగో," అంది ఆమె.

గవరయ్య వెనక నిలబడి ఉన్నాడు. వేలిమీద కుంకుమ అలాగే ఉంది.

"కనిపించింది నాన్నా. నడుస్తుంటేనే కనిపించింది. ఏడాది నుంచీ కనిపించాల్సిందే," అంది, తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

కంపెనీకి ఆమె జరిగినదంతా రాసింది. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు, జెట్టీల పని మాత్రం ఇంకా ఇవ్వలేదు. నా ముసుగు ఇప్పుడు కుట్టుమిషను మీద ఉంది. గవరయ్య రోజూ పొద్దున్నే వచ్చి, వంగి, నా మూడు దీపాలూ చూసి వెళుతున్నాడు. ఆ నల్లఫ్రేము అద్దాలను ఆమె పారేయలేదు. మడిచి నా పక్కనే, దీపాలు చూసే మనిషికి తప్పకుండా కనబడేచోట పెట్టింది. తీసేయమని ఆయన ఇంతవరకూ అడగలేదు. ఆమె తీయలేదు.